మందుకు పురుగు అలవాటు పడింది.. మన ఒళ్లు పడలేదు!

కాకరకాయ పైకి పచ్చగా నిగనిగలాడుతుంది. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు మెదులుతుంటాయి. బీర, సొర, దోస, పొట్ల, జామ, మామిడి.. వేటినీ వదలని ఈ పురుగు పండు ఈగ పిల్ల. రైతు మందు కొడతాడు. వారం తిరగకముందే మళ్లీ పుచ్చులు. ఈసారి మోతాదు పెంచుతాడు. ఆ తర్వాత రెండు మందులు కలిపి కొడతాడు. ఈగ బాగానే ఉంటుంది. ఒళ్లంతా చెమటలతో, వాంతులతో ఆస్పత్రికి వచ్చేది మాత్రం మనిషి.

పురుగు మందును తట్టుకోవడం వ్యవసాయశాఖ సంగతి కదా, ఆరోగ్యం పేజీలో ఎందుకని మీకు అనిపించొచ్చు. కానీ మొగుళ్లపల్లి, చిట్యాల, రేగొండ, పరకాల చుట్టుపక్కల పత్తి, మిర్చి, కూరగాయలు పండించే ఇళ్లలో ఇది నేరుగా ప్రాణాలకు సంబంధించిన విషయం. పురుగు ఎంత మొండిదైతే మనం అంత విషాన్ని మోస్తాం, కలుపుతాం, పీలుస్తాం. అందుకే పురుగు ఎలా తప్పించుకుంటోందో, మనం ఎందుకు తప్పించుకోలేకపోతున్నామో ప్రతి ఇంట్లో తెలిసుండాలి.

ఈగ ఎలా తప్పించుకుంటోంది?

మందు పని చేయలేదంటే ప్రతిసారీ పురుగు మొండిదైందనే కాదు. పండు ఈగ విషయంలో మొదటి కారణం చాలా తేలికైంది. తల్లి ఈగ సూదిలాంటి అవయవంతో కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి గుజ్జు తింటూ పెరుగుతాయి. బాగా ఎదిగాక కాయను వదిలి మట్టిలోకి దిగి అక్కడ కోశస్థ దశలో ఉంటాయి. అంటే రెక్కల ఈగ కాకముందు దశలన్నీ కాయ లోపలో, మట్టి కిందో గడుస్తాయి. మనం మందు కొట్టేది ఆకు మీద, తొక్క మీద. దొంగ ఇంట్లో ఉంటే గోడ బయట కర్రతో కొట్టినట్టు!

రెండో కారణం నిరోధకత. దీన్ని యాంటీబయాటిక్‌తో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. సగం కోర్సు వాడి ఆపేస్తే గట్టి సూక్ష్మక్రిములు మిగిలి పెరిగినట్టే, మందు కొట్టినప్పుడు తట్టుకోగల కొద్ది ఈగలు మిగులుతాయి. ఈగ మందుకు ‘అలవాటు’ పడుతుందని అంటుంటాం గానీ, నిజానికి ఏ ఒక్క ఈగా మారదు. తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకునేవి పిల్లల్ని కంటాయి. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి రెండు మూడు వారాలు చాలు. ఒక్కో ఆడ ఈగ వందల గుడ్లు పెడుతుంది. ఏడాదిలో ఎన్ని తరాలో లెక్కేసుకోండి.

ఇదేమీ ఊహ కాదు. మన మామిడిని పాడుచేసే జాతి పండు ఈగే తైవాన్‌లో ఆర్గానోఫాస్ఫేట్ మందులను తట్టుకుంటున్నట్టు తేలింది. దానికి కారణమైన జన్యు మార్పులనూ శాస్త్రవేత్తలు గుర్తించారు. హవాయి దీవుల్లో దోస జాతి పంటలను ఆశించే ఈగ, కొత్త తరం మందు అయిన స్పైనోసాడ్‌ను కూడా తట్టుకునే స్థాయికి చేరింది.

మూడో కారణం మందులోనే ఉండొచ్చు. గడువు దాటిన డబ్బా, నకిలీ సరుకు, తప్పు మోతాదు ఏదైనా కావచ్చు. కారణం ఏదైనా మన దగ్గర ఎక్కువమంది చేసే పని ఒక్కటే.. రెట్టింపు కొట్టడం. పది రెట్ల మందును తట్టుకునే ఈగ ఉందనుకుందాం. మీరు మోతాదు రెండింతలు చేస్తే దానికేమీ కాదు. మీ ఒంటి మీద పడే విషం మాత్రం రెండింతలవుతుంది.

పురుగుకీ మనిషికీ ఒకటే తాళం

మన నరాలు కండరాలకు, గ్రంథులకు కబురు పంపేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైమ్‌ను పట్టేసుకుంటాయి. తుడిచేవాళ్లు లేక కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పురుగు గిలగిల కొట్టుకొని చస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఇదే ఎంజైమ్ మనలోనూ ఇదే పని చేస్తోంది. మలాథియాన్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివన్నీ ఈ కోవలోవే. తైవాన్ ఈగల్లో మార్పు వచ్చింది సరిగ్గా ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులోనే. తాళం కొద్దిగా మారింది, విషపు చెవి పట్టడం లేదు. మనిషికి ఒక తరం అంటే పాతికేళ్లు. ఈగ మార్చుకున్నట్టు మనం తాళాన్ని మార్చుకోలేం.

రెండు మందులు కలిపి కొట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. పైరిథ్రాయిడ్ రకం మందులను పురుగు తన ఒంట్లోని ఎస్టరేజ్ ఎంజైములతో విరగ్గొట్టి తప్పించుకుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ ఈ ఎంజైములనూ అణచేస్తుంది. అందుకే రెండూ కలిస్తే పురుగు మీద దెబ్బ గట్టిగా పడుతుంది. మన శరీరం కూడా పైరిథ్రాయిడ్లను విరగ్గొట్టుకోవడంలో ఇలాంటి ఎంజైముల మీదే ఆధారపడుతుంది. పురుగు రక్షణను దెబ్బతీసే కలయిక మన రక్షణనూ దెబ్బతీస్తుందన్నమాట.

ఓరుగల్లు చూసిన పాఠం

ఈ కథ మనకు కొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను శనగపచ్చ పురుగు, తెల్లదోమ నిలువునా ముంచాయి. అప్పటికే పైరిథ్రాయిడ్ మందులను శనగపచ్చ పురుగు తట్టుకోవడం మొదలైంది. పదేళ్ల తర్వాత 1997-98లో వంతు ఉమ్మడి వరంగల్ జిల్లాది. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. అప్పు తెచ్చి కొన్న డబ్బాలు అప్పుగానే మిగిలాయి. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి.

అదే కాలపు ఆస్పత్రి లెక్కలు చూస్తే పురుగు నిరోధకతకు, మనిషి ప్రాణానికి మధ్య దూరమెంత తక్కువో తెలుస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరినవారు 8,040 మంది. వీరిలో 22.6 శాతం మంది బతకలేదు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా. ఎక్కువమంది ముప్పై ఏళ్లలోపు వారే.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు ఇరవై మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు మందు తాగలేదు, కొట్టారంతే. తల ఎత్తు పెరిగిన పత్తి, పదేపదే పిచికారీ, రకరకాల మందుల కలయిక.. ఇవన్నీ మన చేన్లలోనూ కనిపించేవే.

ఒంట్లోకి ఎలా చేరుతుంది?

‘నేను నోట్లో పోసుకోలేదు సార్, కొట్టాను అంతే’ అని చాలామంది అంటుంటారు. విషం నోటి ద్వారానే వస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. పిచికారీలో ఎక్కువగా వచ్చేది చర్మం గుండానే.

పంపు మూత సరిగా బిగియక వీపు మీద కారే మందు మొదటిది. చొక్కా తడిసినా పని అయిపోనీ అని సాయంత్రం దాకా అలాగే ఉంటారు. తడి బట్ట ఒంటికి కట్టిన పట్టీలా పనిచేసి మందును లోపలికి పంపుతూనే ఉంటుంది. మొహానికి కట్టుకున్న తువ్వాల తడిసినా అంతే.

శరీరంలో అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చదు. ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల మీది చర్మం పది రెట్లకు పైగా పీల్చుకుంటుంది. తడిసిన లుంగీతో, నిక్కరుతో పని చేయడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుసుకోండి. మందు చేతులతో మూత్రానికి వెళ్లేముందు కూడా సబ్బుతో కడుక్కోవాలి.

డ్రమ్ములో చేత్తో కలపడం, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదడం, మధ్యలో బీడీ వెలిగించడం మిగతా దారులు. తైవాన్ పంపుతో కొడితే సన్నటి మంచులా లేచే మందు ముక్కులోకి పోతుంది. నీళ్లు మోసే ఆడవాళ్లు, తడి ఆరకముందే చేన్లోకి దిగే కూలీలు పంపు పట్టకపోయినా మందు బారిన పడతారు. మందు బట్టలు ఉతికేవారిని మరచిపోవద్దు. వాటిని ఇంటిల్లిపాది బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

రోజూ కూలికి మందు కొట్టేవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. బాగా దెబ్బతిన్నాక ఎర్రరక్తకణాల్లోని ఈ ఎంజైమ్ రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున మాత్రమే కోలుకుంటుంది. నిన్న కళ్లు తిరిగి, ఇవాళ బాగుందని మళ్లీ పంపు ఎత్తితే నిన్నటి లోటు మీదే కొత్త దెబ్బ పడుతుంది. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్షతో ఈ లోటును కనిపెట్టొచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే..

మొదట్లో తలనొప్పి, వికారం, కళ్లు మసకబారడం, ఒళ్లంతా చెమట. వీటిని ఎండదెబ్బ అనుకొని చెట్టు కింద పడుకుంటారు. ఆ తర్వాత నోట్లోంచి చొంగ, కళ్లలో నీళ్లు, వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. ఛాతీలో గురగుర, కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదరడం, ఫిట్స్, స్పృహ తప్పడం ప్రమాద ఘంటికలు. ప్రాణం పోయేది ఎక్కువగా శ్వాస అందకే.

వెంటనే చేయాల్సినవి ఇవి:

• మనిషిని చేన్లోంచి గాలి ఆడే చోటికి తేవాలి. 108కి ఫోన్ చేయాలి.
• ఒంటి మీది బట్టలన్నీ తీసేయాలి. సిగ్గుపడే సమయం కాదు. జుట్టు, చెవుల వెనక, గోళ్ల సందులు, చంకలు, గజ్జలు సహా సబ్బుతో, పుష్కలమైన నీటితో కడగాలి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి.
• స్పృహ సరిగా లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.
• డబ్బానో, దాని మీది లేబులునో వెంట తేవాలి. కనీసం ఫోన్‌లో ఫొటో తీయండి. ఏ మందో తెలిస్తే విరుగుడు త్వరగా మొదలవుతుంది.

చేయకూడనివి అంతకంటే ముఖ్యం. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. పాలు, మజ్జిగ, కోడిగుడ్డు, చింతపండు రసం, నూనె ఏవీ పోయొద్దు. మగతలో ఉన్న మనిషికి ఇవి ఊపిరితిత్తుల్లోకి పోయి రెండో ప్రమాదం తెస్తాయి.

ఆస్పత్రిలో అట్రోపిన్ ఇంజెక్షన్లు ఛాతీలో నీరు తగ్గి ఊపిరి తేలికయ్యేదాకా ఇస్తూ పోతాం. కొందరికి ప్రాలిడాక్సిమ్, కొందరికి వెంటిలేటర్ అవసరమవుతాయి. సమయం ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని మందులు ఎంజైమ్‌కు అతుక్కున్నాక గంటలు గడిచేకొద్దీ ఆ బంధం విడదీయలేనంతగా గట్టిపడిపోతుంది. అందుకే ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మొదటి చికిత్స తీసుకోవాలి. ఆ తర్వాత పెద్దాస్పత్రికి వెళ్లడం మేలు.

మరో మాట. రెండో రోజుకు మనిషి లేచి మాట్లాడుతుంటే ‘బాగైంది, ఇంటికి తీసుకుపోతాం’ అని పట్టుబడతారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ కండరాలు, శ్వాస కండరాలు హఠాత్తుగా పట్టు వదిలేస్తాయి. పడుకున్న మనిషి దిండు మీంచి తల ఎత్తలేకపోవడం దీని తొలి గుర్తు. ఇంటి దగ్గర ఇది జరిగితే కాపాడటం కష్టం. డాక్టర్ పంపేదాకా ఆగండి.

డబ్బా ఇంట్లో వద్దు

చేన్లో ఫలించని మందు అటక మీదో, మంచం కిందో చేరుతుంది. క్షణికావేశంలో చేతికి అందేది అదే. ఎంజీఎం లెక్కల్లో అత్యధికులు కావాలని తీసుకున్నవారే. తీవ్రమైన ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు డబ్బా అందకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది. శ్రీలంక ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. మన దగ్గరా ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వులిచ్చింది. పాత డబ్బాలు ఉంటే వాడకండి, వ్యవసాయాధికారికి చెప్పండి.

కావలసినంతే కొనండి. మిగిలితే ఇంటికి దూరంగా, తాళం వేసిన పెట్టెలో పెట్టండి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో ఎప్పుడూ పోయొద్దు. ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటున్నా, బతుకు మీద విరక్తిగా మాట్లాడుతున్నా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడొచ్చు. పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తేవడం ఆలస్యం చేయకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించి చికిత్స ఇవ్వాలని, శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మందు తగ్గించి ఈగను పట్టొచ్చు

పండు ఈగ విషయంలో ఒక శుభవార్త ఉంది. విషం తక్కువ వాడి దీన్ని అదుపు చేసే దారులు బాగా రుజువయ్యాయి. మగ ఈగలు కొన్ని వాసనలకు ఇట్టే వచ్చి పడతాయి. మామిడి, జామ తోటల్లో మిథైల్ యూజినాల్, కాకర, బీర, సొర పందిళ్లలో క్యూ లూర్ ఎర బుట్టలు పనిచేస్తాయి. 1960ల మొదట్లో పసిఫిక్ సముద్రంలోని రోటా అనే దీవిలో మిథైల్ యూజినాల్ ఎరతోనే మామిడి ఈగను పూర్తిగా తుడిచిపెట్టారు. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో గొడ్డు మగ ఈగలను కోట్లలో వదిలి 1993 నాటికి దోస జాతి ఈగను లేకుండా చేశారు.

దీవి కాని మన ఊళ్లో ఈగ పక్క చేను నుంచి వస్తూనే ఉంటుంది. కాబట్టి నలుగురూ కలిసి చేస్తేనే ఫలితం. పుచ్చిన కాయలు, రాలిన కాయలు గట్టు మీద పారేయకుండా ఏరి, లోతైన గుంతలో పూడ్చండి. గట్టు మీద వదిలిన ఒక్కో కాయా ఈగల కర్మాగారమే. పందిరి కింది మట్టిని అప్పుడప్పుడు తిరగేస్తే లోపల దాగినవి ఎండకు చస్తాయి. పెరటి కాయలకు కాగితం సంచి తొడిగితే ఈగ గుచ్చలేదు. గుడ్లు ఎదగడానికి ఆడ ఈగకు మాంసకృత్తుల ఆహారం కావాలి. అందుకే చేనంతా మందు కొట్టకుండా, ఎరలో కొద్దిగా మందు కలిపి అక్కడక్కడ పెట్టే పద్ధతి ఉంది. ఎరల సంఖ్య, మోతాదు మీ ఏఈవోను, మహబూబాబాద్ జిల్లా మాల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని అడగండి.

మందు తప్పదనుకుంటే కంపెనీ పేరు కాదు, లోపలి మందు పేరు చదవండి. పారాసిటమాల్‌కు ఎన్ని పేర్లున్నాయో మీకు తెలుసు. అలాగే మూడు రంగుల డబ్బాల్లో ఒకే మందు ఉండొచ్చు. మారుస్తున్నామనుకుంటూ అదే కొడతాం, పురుగు మరింత మొండిదవుతుంది. డబ్బా మీది త్రికోణం రంగూ చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివరన ఆకుపచ్చ.

మన పక్కనే జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనెబావి రసాయనాలు మానేసి సాగు చేస్తున్న ఊరిగా పేరు తెచ్చుకుంది. ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే డబ్బా లేకుండానూ పంట పండుతుందని అది చూపింది.

తినేవాళ్ల మాటేమిటి?

పుచ్చు కాయలోని పురుగు విషం కాదు. ఆ కాయ కుళ్లుతుంది కాబట్టి పారేయాలి, అంతే. మందు అవశేషాల భయంతో కూరగాయలు మానేయడం ఇంకా పెద్ద నష్టం. ధారగా కారే నీటిలో చేత్తో రుద్ది కడిగితే పైనున్న మందు చాలావరకు పోతుంది. సొర, బీర లాంటివి చెక్కు తీయండి. కాయ లోపలికి ఇంకిన మందు కడిగితే పోదు. దానికి మందు చేన్లోనే ఉంది. కొట్టిన తర్వాత కోతకు లేబుల్ మీద రాసినన్ని రోజులు ఆగడమే. పొద్దున కొట్టి సాయంత్రం కోసి సంతకు పంపే కాయ ఎవరి పిల్లలో తింటారు. 2013లో వచ్చిన సరుకులో పండు ఈగలు పదేపదే దొరకడంతో ఐరోపా దేశాలు 2014 మే 1 నుంచి మన మామిడిని, కాకరను, పొట్లను, మరో రెండు కూరగాయలను కొంతకాలం వద్దన్నాయి. విదేశీ వినియోగదారుకు దక్కే ఆ జాగ్రత్త మన పిల్లలకూ దక్కాలి.

గుర్తుంచుకోండి

• పిచికారీకి పొద్దుటి చల్లటి పూట మంచిది. గాలికి ఎదురుగా కొట్టొద్దు.
• నిండు చేతుల చొక్కా, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, వీపుకు పాలిథిన్ కవరు వాడండి. బట్ట తడిస్తే అక్కడికక్కడే మార్చండి.
• పని కాగానే, అన్నానికి ముందే సబ్బుతో స్నానం చేయండి.
• గర్భిణులు, బాలింతలు, పిల్లలు మందు దగ్గరికి వెళ్లొద్దు.
• ఫోన్ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి: అంబులెన్స్ 108, ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117, కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551, టెలీ మానస్ 14416.

మందు కొట్టినా పురుగు చావలేదంటే అది ఇంకో డబ్బా కొనమని చెప్పడం లేదు, దారి మార్చమని చెబుతోంది. రేపు పందిరి కిందికి వెళ్లినప్పుడు పంపు ఎత్తే ముందు రాలిన కాయలు ఏరడంతో మొదలుపెట్టండి.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)